దేవుళ్లు గారి బెల్లం తగవు

నర్సీపట్నంలో తాను తగవు తీర్చని వీధి లేదని దేవుళ్లు గారు చెప్పేవారు. చెప్పేది దేవుళ్లు గారే కాబట్టి వినేవాళ్ళు అందులో సగం తీసేసి వినేవారు. మిగిలిన సగం మాత్రం కల్తీ లేని నిజం. గట్టు జరిగిందని కొట్టుకున్న అన్నదమ్ములు, కుళాయి దగ్గర బిందెలు సొట్టలు పడేదాకా పోట్లాడుకున్న తోడికోడళ్ళు, నాతవరం షేర్ ఆటోలో సీటు కోసం చొక్కాలు చించుకున్న బావాబావమరుదులు, అందరూ చివరికి వచ్చి కూర్చునేది ఆయన అరుగు మీదే.

ఆయన పోలీసు కాదు, ప్లీడరు కాదు, కనీసం వార్డు మెంబరు కూడా కాదు. బెల్లం వండే మనిషి. చెరుకు కోతలు మొదలయ్యాయంటే చుట్టుపక్కల ఊళ్ళ గానుగల వాళ్ళు ఆయన కోసం మనిషిని పంపేవారు. పెద్ద ఇనప పెనంలో రసం కాగుతుంటే పిప్పి మంట ఎప్పుడు పెంచాలో, తెట్టు ఎప్పుడు తీయాలో, పాకం ఎప్పుడు దించాలో ఆయన ముక్కుకే తెలిసేది. ఆ వాసన పొలిమేర దాటి వెళ్ళి, బడిలో కూర్చున్న పిల్లల్ని చెయ్యి పట్టుకుని గానుగ దగ్గరికి లాక్కొచ్చేది. పిల్లలు చెరుకు ముక్కలు పాకంలో ముంచుకుని చప్పరిస్తుంటే, పెద్దవాళ్ళు తమ తగవులు తెచ్చేవారు. పెనం దగ్గర ఎవరూ ఎక్కువసేపు అరవలేరు. సగం కోపం చెమటగా కారిపోతుంది. మిగతా సగాన్ని దేవుళ్లు గారు బెల్లంతో దించేవారు.

పద్ధతి ఒకటే. ఇద్దరి గోడూ వినేవారు. ఒక కట్టుకథ చెప్పి ఇద్దరినీ నవ్వించేవారు. తర్వాత నువ్వో అడుగు తగ్గు, నువ్వో అడుగు తగ్గు అని మధ్యలో గీత గీసేవారు. ఆఖరున ఒకే దిమ్మ నుంచి ఇద్దరూ చెరో ముక్క విరిచి నోట్లో వేసుకోవాలి. అది కరిగేదాకా మాట్లాడకూడదు. కరిగాక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తినవాణ్ణి వీధిలో ఎవరూ పెళ్ళికి పిలవరు.

ఒకసారి కొయ్యూరు కొండల్లోంచి ఎలుగుబంటి దిగి వచ్చి పెనం పక్కన చతికిలబడిందట. "ఏటి నీ తగవు" అని దేవుళ్లు గారు అడిగారట. అవతలి పార్టీ ఎవరూ రాలేదు గనక రెండు ముక్కలూ దానికే పెట్టి పంపేశారట. ఈనాటికీ ఆ ఎలుగు సంతానం మైదానంలో చెరుకు తోటల వైపు తల తిప్పి చూడదట. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఎలుగు ఏం తిందో మారలేదు గానీ, ఎలుగు మాత్రం పెరుగుతూ వచ్చింది.

ఇప్పుడు గానుగలు తగ్గిపోయాయి. ఆయన వయసు డెబ్బై దాటింది. కొడుకు రాజుబాబు విశాఖపట్నం దగ్గర మందుల కంపెనీలో పని చేస్తూ సెలవులకి వస్తాడు. కోడలు ఈశ్వరి ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. మనవరాలు బేబి ఎనిమిదో తరగతి. ఊరి చివర ఇంగ్లీషు మీడియం బడికి పసుపు రంగు బస్సులో వెళ్ళి వస్తుంది.

బేబి మంచి మాటకారి కావలసిన పిల్ల. తాత పోలిక. కాకపోతే కొన్ని మాటలు ఆమె నోట్లో గడప దగ్గరే ఆగిపోతాయి. రెండు మూడుసార్లు తోస్తే గాని బయటికి రావు. ఇంట్లో అది ఎవరికీ పెద్ద విషయం కాదు. బడిలో మాత్రం తనీష్ అనే కుర్రాడికి అది ఆటబొమ్మ అయింది. బేబి లేచి పాఠం చదువుతుండగా, దొంగతనంగా తెచ్చుకున్న ఫోనుతో వీడియో తీశాడు. ఆగిన చోటల్లా కప్ప అరుపులు కలిపి తరగతి పిల్లల గ్రూపులో పెట్టాడు. అది పిల్లల ఫోన్ల నుంచి తల్లుల ఫోన్లకి పాకింది. జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ నవ్వుతూ ఈశ్వరికి చూపించింది. "ఇది మీ పిల్లే కదేటి" అంది.

ఈశ్వరి ఆ వీడియోని తన ఫోనుకి పంపించుకుని, మిషను ఆపి బడికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, "పిల్లలండీ, ఆటపట్టించుకుంటారు. మేం చూసుకుంటాం" అన్నాడు. ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అంది. "మావయ్య గారూ, నేను స్టేషనుకి ఎల్తన్నాను."

"స్టేషనేటమ్మా, గుంటడి ఆటకి. ఆడెవరి పిల్లడు?"

"సిమెంటు కొట్టు లోవరాజు గారి మనవడు."

దేవుళ్లు గారి మొహం వెలిగింది. "లోవరాజా. మనోడే. ఆడి పెళ్ళిలో బూరెల కాడ కొట్లాట తీర్చింది నేనే కాదేటి. నాకొగ్గెయ్యి."

ఆయనకి తన బడి గుర్తొచ్చింది. తెల్ల గౌన్ల సిస్టర్లు నడిపిన చిన్న కాన్వెంటు. పెంకుల కప్పు, గంటకి బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అక్కడ సింగన్న అనే మొద్దు కుర్రాడు రోజూ ఆయన్ని ఏడిపించేవాడు. ఒకరోజు చొక్కాలో దూలగొండి దులిపాడు. బుడ్డ దేవుళ్లు దురదకి గెంతుతూ చర్చి చుట్టూ తిరిగి వచ్చేసరికి, అది ఏదో భక్తి అనుకుని ఇద్దరు ముసలమ్మలు దండం పెట్టారట. సిస్టర్ గారు ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఒకే పలక ఇచ్చి, ఏడాదంతా అలాగే ఉంచింది. ఏడాది చివరికి సింగన్న ఆయనకి ప్రాణ స్నేహితుడయ్యాడు. మొన్నమొన్న పోయేదాకా జీడిపిక్కల కాలం రాగానే వేయించిన పిక్కలు పొట్లం కట్టి తెచ్చేవాడు. పిల్లల కొట్లాట స్నేహానికి ముందొచ్చే పురిటి నొప్పులాంటిదని దేవుళ్లు గారు మనసారా నమ్మారు. ఆ నమ్మకం వెనక ఒక తియ్యటి బాల్యం ఉంది కాబట్టి, అది తప్పు కావచ్చని ఆయనకి తోచలేదు.

ఆదివారం పొద్దున్న అరుగు తుడిచి చాప వేశారు. లోవరాజు మనవణ్ణి స్కూటరు మీద ఎక్కించుకుని వచ్చాడు. దేవుళ్లు గారు దూలగొండి కథ చెప్పారు. ఈసారి దండం పెట్టిన ముసలమ్మలు నలుగురయ్యారు. లోవరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు, తనీష్ నవ్వాడు, వీధి నవ్వింది. పిల్లలిద్దరి చేతా ఒకరికొకరు సారీ చెప్పించారు. బేబి దేనికి చెప్పాలో ఎవరూ ఆలోచించలేదు. దిమ్మ విరిచారు. ఇద్దరూ ముక్క నోట్లో వేసుకున్నారు.

"మాట ఎత్తకూడదంటే బొమ్మ కూడా ఉండకూడదమ్మా. నీ ఫోనులోది తీసీ" అని ఈశ్వరికి చెప్పారు. ఈశ్వరి అరక్షణం చూసి, తీసేసింది.

ఆ తర్వాత ఇల్లు నెమ్మదిగా ఉంది. బేబి మళ్ళీ ఏ ఫిర్యాదూ తేలేదు. టీ కొట్టు దగ్గర దేవుళ్లు గారు ఆ తగవును కూడా తన కథల్లో కలిపేసుకున్నారు. పొద్దున్నపూట పిల్లకి కడుపునొప్పి వస్తే వాము పెట్టారు. ఇంట్లో అడిగినదానికి తలూపడమే తప్ప మాట లేకపోతే, ఎదుగుతోంది, సిగ్గు అనుకున్నారు. ఆయన ముక్కు పాకం ముదరడం అరమైలు దూరం నుంచి పసిగట్టేది. తన ఇంట్లో ఏం మాడుతోందో మాత్రం పట్టుకోలేకపోయింది.

ఒకరోజు బస్సు వచ్చి హారను కొట్టింది. బేబి రాలేదు. మరోసారి కొట్టింది. ఈశ్వరి వెతికితే, వంటింట్లో గ్యాసు బండ వెనక, గోడకీ బండకీ మధ్య సందులో, యూనిఫారంతో ముడుచుకుని కూర్చుని ఉంది. బస్సు వెళ్ళిపోయింది.

"ఏటయ్యింది తల్లీ. మళ్ళీ ఏటైనా అన్నారా? సెప్పు."

బేబి తల అడ్డంగా ఊపింది. "చె... చెప్పకూడదు."

"ఎవులు సెప్పొద్దన్నారు?"

పిల్ల గుమ్మంలో నిలబడ్డ తాత వైపు చూసింది. "తాతయ్యే. బె... బెల్లం తిన్నాను కదా."

నెమ్మది మీద మిగతాది బయటికొచ్చింది. వీడియోలు ఆగలేదు, ఇంకా పెరిగాయి. బస్సులో ఆమె ఎక్కగానే వెనక సీట్ల నుంచి కప్పలు అరుస్తాయి. సారుకి చెప్పడానికి లేచినప్పుడల్లా తనీష్ పెదాల మీద వేలు పెట్టి "బెల్లం" అంటాడు. మాట తప్పితే మీ తాత పరువు పోతుందని అంటాడు. బేబి కూర్చుంటుంది. తాత పరువు కోసం ఇన్నాళ్ళూ నోరు మూసుకుంది.

దేవుళ్లు గారు అక్కడే గడప మీద కూర్చుండిపోయారు. 

ఫోనులో రాజుబాబు ఒకటే మాట అన్నాడు. "గొడవెందుకు, టీసీ తీసుకుని ఏరే బడిలో ఏసేద్దాం."

"తప్పు సేసినోడు దర్జాగా బడికెల్తాడు, నా పిల్ల బడి మార్చుకోవాలా" అంది ఈశ్వరి. ఫోను పెట్టేసి మామగారి వైపు తిరిగింది. "అప్పలలక్ష్మి కోర్టు కాడ న్యాయ సేవల గదిలో వాలంటీరు. నా దగ్గరే కుట్టించుకుంటాది. నేను ఎల్తాను. మీరు అడ్డం రాకండి."

"అడ్డం రాను. ఎనకాల వత్తాను" అన్నారు దేవుళ్లు గారు.

అప్పలలక్ష్మి ముప్ఫై ఏళ్ళ మనిషి. గట్టి గొంతు, కళ్ళల్లో నవ్వు. అంతా విని ముందు ఆయన్నే అడిగింది. "తాతగారూ, మీ బెల్లం చట్టంలో ఏ సెక్షనండీ?"

"సెక్షను కాదమ్మా. పద్ధతి."

"మంచి పద్ధతేనండి. మా నాన్న గట్టు తగవు మీరే తీర్చారు. గట్టయితే ఇద్దరూ చెరో అడుగు తగ్గొచ్చు. ఇక్కడ బేబిని ఏ అడుగు తగ్గమంటారు?"

దేవుళ్లు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"మరి బెల్లం తిన్నాం కదమ్మా, ఇంక మాట ఎత్తొచ్చా?"

"ఎత్తొచ్చండి. అరుగు మీద రాజీ పడ్డారని పిల్ల ఫిర్యాదు చచ్చిపోదు." ఆమె ఈశ్వరి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ముందు బడికి నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి. పిల్లని మనసు విరిగేలా వేధించనివ్వకుండా చూడడం బడి బాధ్యత. కదలకపోతే మండల విద్యాధికారికి, అక్కడా కదలకపోతే అనకాపల్లిలో జిల్లా విద్యాధికారికి. పిల్లలకి సాయం అడగడానికి పది తొంభై ఎనిమిది ఫోను నంబరు ఎప్పుడూ ఉంటుంది. వీడియోల సంగతి పోలీసులు కూడా చూస్తారు.

"పోలీసులంటే ఆ గుంటణ్ణి జైల్లో ఎడతారా?" దేవుళ్లు గారు ఉలిక్కిపడ్డారు. తనీష్ మీద ఎంత కోపం ఉన్నా, వాడు బూరెల కొట్లాట నాటి లోవరాజు మనవడు.

"జైలు కాదండి. పిల్లల కేసులకి వేరే బోర్డు ఉంటది. అక్కడ పిల్లాణ్ణి మార్చడమే చూస్తారు. అంతదాకా పోకుండా ఇక్కడే రెండు కుటుంబాల్నీ, బడినీ కూర్చోబెట్టి మాట్లాడించొచ్చు. లాయరు కావాలంటే ఆడవాళ్ళకీ పిల్లలకీ ఉచితమే. వీడియోలున్నాయా?"

ఈశ్వరి మామగారి వైపు చూడలేదు. "తీసేశానండి."

"నేనే తీయించాను" అన్నారు దేవుళ్లు గారు.

"పోనీండి. చూపించి నవ్వినావిడ దగ్గర ఉంటది. అడగండి. ఈసారి తీయకండి."

కాగితం బడికి వెళ్ళే ముందు ఒక పని మిగిలింది. లోవరాజుకి చెప్పకుండా వెళ్ళడం దేవుళ్లు గారి ఒంటికి పడదు. బజారులో ఒక దిమ్మ కొని, కండువాలో చుట్టుకుని సిమెంటు కొట్టుకి వెళ్ళారు. లోవరాజు కూలీల చేత బస్తాలు దింపిస్తున్నాడు.

"ఏటి దేవుళ్లు, బెల్లం పట్టుకొచ్చీసినావు. ఎవులి తగవు?"

"నీదే. మా పిల్ల తిన్నది తిరిగిచ్చేత్తన్నాను. ఆ తగవు సెల్లదు."

కూలీలు బస్తాలు దించడం ఆపారు. లోవరాజు నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేశాడు. "మతి గానీ పోయిందేటి. నీ నోటితో నువ్వే తీర్చేవు."

"తీర్చేను. తప్పు తీర్చేను. ఇద్దరి మధ్య తగవనుకున్నాను. తగవు లేదురా లోవరాజూ. మీ వోడు కొడతన్నాడు, మాది తింటంది. అంతే."

"కొట్టడమేటి. పిల్ల మీద ఏలేసినాడా ఎప్పుడైనా? గుంటల నవ్వులాటకి కోర్టుకెక్కుతావా? మన సింగన్న నిన్ను తక్కువ ఏడిపించేడా?"

"సింగన్న బడిలో ఏడిపించి బడిలో ఒగ్గీసేవోడు. మా బేబిని ఏడిపించింది మంచంలోకీ వత్తంది, మీ ఆవిడ ఫోనులోకీ వత్తంది. నువ్వు సూల్లేదా?"

లోవరాజు చూసే ఉన్నాడు. అందుకే బస్తాల వైపు తిరిగి, "ఇంక నీ అరుగు మీదకి ఎవుడొత్తాడో సూత్తాను. మాట తప్పే పెద్దమనిషి" అన్నాడు.

"రాకపోతే తుడుసుకునే పని తప్పుద్ది" అని దేవుళ్లు గారు దిమ్మను త్రాసు పక్కన పెట్టి వచ్చేశారు.  

బడిలో ముద్ర వేయడానికి ప్రిన్సిపాల్ చాలాసేపు సీలు వెతికాడు. స్కూలు పేరు పాడవుతుందన్నాడు. అప్పలలక్ష్మి కుర్చీలోంచి లేవకుండా, "దొరికేదాకా ఉంటామండి" అంది. సీలు దొరికింది. బడి మాత్రం అంత త్వరగా కదల్లేదు. తల్లిదండ్రులు మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలని చీటీ పంపింది. దాంతో న్యాయ సేవల కమిటీ అందరినీ కోర్టు ఆవరణలో తమ గదికి రమ్మని కబురు పెట్టింది.

ఆ రోజు దేవుళ్లు గారు ఉతికిన పంచె కట్టారు. దారిలో చెప్పవలసిన మాటలు పెదాల మీద ఆడించుకున్నారు. గదిలో టేబులు వెనక నడివయసు లాయరమ్మ, ఒక పక్క ప్రిన్సిపాల్, ఒక పక్క కొడుకునీ మనవణ్ణీ వెంటబెట్టుకున్న లోవరాజు. బేబి తల్లి పక్కన, వేళ్ళు ఒళ్ళో బిగించుకుని కూర్చుంది.

"ఏం జరిగిందో పాప చెప్తుందా?" అంది లాయరమ్మ.

దేవుళ్లు గారు లేచారు. "నేను సెప్తానండి. దానికి మాట కొంచెం..."

"మీరు కూర్చోండి తాతగారూ. పాపకి తొందర లేదు. మాకూ లేదు."

ఆయన కూర్చున్నారు. బేబి నోరు తెరిచింది. మొదటి మాట గడప దగ్గర ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో జామకాయలు అమ్ముతున్నారు. ఆ మాట ఏమిటో ఆయనకి తెలుసు, నాలుక చివరే ఉంది. ఇన్నేళ్ళుగా ఆమె ఆగిన ప్రతిచోటా ఆయనే అందించారు. ప్రేమతోనే అందించారు. ఇప్పుడు పంచె అంచు గుప్పిట్లో పట్టుకుని, దవడలు బిగించుకుని ఉండిపోయారు. పెనంలో పాకం ఆఖరి పొంగుకి వచ్చినప్పుడు కూడా ఆయన అంత ఓపిక పట్టలేదు.

"బ... బస్సులో" అంది బేబి. అక్కణ్ణుంచి వెళ్ళింది. ఆగింది, వెళ్ళింది. కప్ప అరుపుల గురించి చెప్పింది. పెదాల మీద వేలు గురించి చెప్పింది. బెల్లం గురించి చెప్పేటప్పుడు తాత వైపు చూడలేదు. తనీష్ మొదట గోడ కేలెండరు చూశాడు, తర్వాత తన బూట్లు చూసుకున్నాడు. లోవరాజు ఏదో అనబోతే అతని కొడుకే చెయ్యి పట్టి ఆపాడు.

"నీకేం కావాలమ్మా?" అంది లాయరమ్మ.

ఈశ్వరి కూతురి వైపు తిరిగింది. ఇంట్లో వాళ్ళకే తెలియదు, ఈ పిల్ల బడికి మళ్ళీ వెళ్తానంటుందో లేదో.

"వీ... వీడియోలు తీసేయాలి. బస్సులో వాడు నా వెనక కూర్చోకూడదు." ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "వీడియో వచ్చిన దగ్గర్నుంచి సార్లు నన్ను పా... పాఠం చదవమనడం లేదు. నా వంతు వస్తే పక్క వాళ్ళని లేపుతున్నారు. మళ్ళీ నన్ను చదవమనాలి."

గదిలో ఎవరూ అది ఊహించలేదు. ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పాపకి ఇబ్బందని..." అని ఆగిపోయాడు. ఆ మధ్యాహ్నం అన్నీ కాగితం మీద పెట్టారు. బడి ఏం చేయాలో, బస్సులో ఏ టీచరు చూసుకోవాలో, చేయకపోతే ఈశ్వరి తరువాత ఏ తలుపు తట్టాలో. తనీష్ తండ్రి అక్కడే కొడుకు ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. లోవరాజు బయటికి వెళ్తూ దేవుళ్లు గారితో మాట్లాడలేదు. చాలా రోజులు మాట్లాడలేదు. అరుగు మీదకి వచ్చేవాళ్ళు కూడా పల్చబడ్డారు. ఇప్పుడు ఎవరైనా పిల్లల తగవు తెస్తే, ఆయన చాప వేయక ముందే, "ఇందులో తగ్గడానికి ఇద్దరికీ ఏటైనా ఉందా" అని అడుగుతున్నారు. లేదంటే కోర్టు గదికి దారి చెబుతున్నారు.

సోమవారం బస్సు వచ్చింది. ఒక్క హారనుకే బేబి ఎక్కి, తనీష్ సీటు దాటి వెనక టీచరు పక్కన కూర్చుంది. దేవుళ్లు గారు ఆ రోజంతా అరుగు దిగలేదు.

సాయంత్రం బస్సు దిగి వచ్చి ఆమె తాత పక్కన కూలబడింది. సోషల్ సారు లేపారని చెప్పింది. పేజీ సగం తనే చదివిందట. మధ్యలో ఎక్కడెక్కడ ఆగిందో, వెనక బెంచీలో ఎవరు నవ్వబోయారో, సారు ఎవర్ని ఎలా చూశారో, ఆగిన మాట దాటాక తరవాతి వాక్యం ఎంత సులువుగా వచ్చిందో, అన్నీ ఒక్కొక్కటిగా చెబుతోంది. వంటింట్లో ఈశ్వరి దీపం వెలిగించింది. చెప్పడం ఇంకా అవలేదు. దేవుళ్లు గారు మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, ఒక్క మాటా అందించకుండా వింటున్నారు.